ఆకుపచ్చ టేపు

"తాళంచెవి ఇవ్వండి అత్తయ్యా."

"ఇవ్వను. కావాలంటే కాలు పీక్కుపో."

ముందు గదిలో మంచం మీద, పిండికట్టు కాలు మూడు దిండ్ల మీదికి ఎక్కించి, అత్తగారు జడ్జిగారంత దర్జాగా కూర్చుంది. కారు తాళంచెవి దిండు కింద లేదు, బీరువాలో లేదు. కట్టుకీ మోకాలికీ మధ్య సందులోకి దూర్చేసుకుంది. పది రోజులుగా దాని కాపురం అక్కడే. దురద పుట్టినప్పుడు ఆవిడ దాంతోనే గోక్కుంటోంది కూడా.

"అయిదింటికి చిన్నోడొస్తాడు. కారు వాడి షెడ్డుకి పోతుంది. ఇక నువ్వు స్టీరింగు పట్టుకునేది లేదు."

"కారు నాది అత్తయ్యా."

"కాలు నాదే!"



వీధంతా కోడల్ని డ్రైవరమ్మ అనే అంటారు. నడవలేని రోగుల్ని ఇంటి దగ్గర ఎక్కించుకోవడం, ఆస్పత్రిలో దింపడం, మళ్లీ ఇంటికి చేర్చడం తొమ్మిదేళ్లుగా ఆవిడ పని. ఆవిడ కారులో గ్లాసులో నీళ్లు తొణకవని పేరు. నీళ్లు సరే, ఒక ముసలాయన వెనక సీట్లో పేకమేడ మొదలుపెట్టి, ఆస్పత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి మూడో అంతస్తు లేపేశాడట. డాక్టరు చెయ్యి ఊపి పిలిస్తే "ఉండవయ్యా, పైకప్పు వేసి వస్తా" అన్నాడట.

అలాంటి మనిషి పది రోజుల కిందట అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ, హైవే పక్కనున్న మొక్కల నర్సరీలోకి కారుని తిన్నగా తోలేసింది.

పగిలిన పూలకుండీలు నలభై. మొదటి రోజు అత్తగారి నోట్లో అవి వందయ్యాయి. నాలుగో రోజుకి నాలుగొందలు. కట్టు చూడ్డానికి నిన్న నర్సు వచ్చేసరికి నర్సరీ మొత్తం పోయి, పక్కవాళ్ల గోడ కూడా సగం పడిపోయింది.

"ఎన్నిసార్లు చెప్పాలత్తయ్యా? క్రూజు పెట్టాను. అది పెడితే మనం కాలు తీసేసినా కారు అదే స్పీడులో పోతుంది. బ్రేకు మీద కాలు ఆనగానే అది వదిలెయ్యాలి. ఆ రోజు వదల్లేదు. తొక్కినంతసేపూ మూలిగింది, కాలు తియ్యగానే దూకింది."

"మరి చిన్నోడేమన్నాడు?"

డ్రైవరమ్మ పళ్లు పటపటమన్నాయి.

చిన్నోడంటే మరిది, కార్ల మెకానిక్కు. దగ్గు విని మనిషి జబ్బు చెప్పే డాక్టర్లుంటే, వీడు హారన్ విని కారు జబ్బు చెబుతాడు. ఆ రోజు నర్సరీకి పరిగెత్తుకొచ్చి, కారు చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, పోగైన జనం మధ్య నిలబడి అన్నాడు: "కారులో ఏం లేదు. బ్రేకనుకుని వదిన ఆక్సిలేటరు తొక్కింది."

ఆ మాట కారుకంటే స్పీడుగా పోయింది. తెల్లారేసరికి ఆస్పత్రిలో తెలిసింది. వారం తిరగకుండా రోగులందరూ వేరే బండ్లు చూసుకున్నారు. పేకమేడ ముసలాయన ఒక్కడే మిగిలాడు. ఆయనకి వినపడదు.

నర్సరీ నుంచి ఇంటికొచ్చిన రోజే డ్రైవరమ్మ వంటగదిలో చక్కెర డబ్బా మూత బిగించి ఒట్టు పెట్టుకుంది. మరిది నలుగురిలో నిలబడి "తప్పు నాదే" అనాలి. అన్న రోజే తన టీలో చక్కెర. అప్పటిదాకా చేదే. పది రోజులుగా ఆ చేదు తాగి తాగి, ఆవిడ చూసిన చూపుకి పాలు కూడా విరిగిపోతున్నాయని అత్తగారి ఫిర్యాదు.

*

పక్కగదిలో కుట్టుమిషను టకటకమంటోంది.

అక్కడుండేది డ్రైవరమ్మ మొగుడు, టైలరు. ఆయన వారానికి ఆరు మాటలు మాట్లాడితే ఎక్కువ. మిగతాదంతా ఆయన తరఫున మిషనే మాట్లాడుతుంది. కోపమొస్తే గబగబా, దిగులైతే ఆగి ఆగి. ఆయన కుట్టిన గుండీ చొక్కా చిరిగిపోయినా ఊడదు. ఆయన గుండీకి మెడ కడతాడు. గుండీ కింద దారాన్ని చుట్టు మీద చుట్టు బిగించి, ముడిని ఆ చుట్లలోకే దాచేస్తాడు. ఆ ముడి విప్పిన మొనగాడు ఇంకా పుట్టలేదని అత్తగారి గొప్ప.

నెలన్నరగా గదినిండా నీలం చొక్కాలే. ఏదో కంపెనీ కాపలావాళ్ల యూనిఫాం. నీలం గుడ్డ, నీలం దారం. మిషను కింద నేల కూడా నీలంగానే ఉంది.

"ఏవండీ."

టకటక ఆగలేదు.

"కొత్త స్విచ్ తెచ్చాను. నేనే బిగిస్తాను."

టకటక ఆగింది.

"ఏం స్విచ్?"

"బ్రేకు పెడల్ పైన ఉంటుందట. కాలు ఆనిందని క్రూజుకి చెప్పేది అదేనట. క్రూజు దానంతటదే వదిలేసి పడిపోతున్నా, బ్రేకు తొక్కినా పడిపోకపోయినా, ముందు దాన్ని చూడమని స్పేర్‌పార్టుల షాపాయన చెప్పాడు."

ఆయన చేతిలోని చొక్కా కాలర్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కాలర్లో చూడ్డానికేం లేదు.

"ఇప్పుడెందుకు? వాడొస్తాడుగా. వాడు చూసుకుంటాడు."

"వాడు చూసింది చాలు. నెల కిందట క్రూజు మాటిమాటికీ పడిపోతోంది, కాలు లాగేస్తోంది, మీ తమ్ముడికి చెప్పండని మూడుసార్లు అడిగానా? చెప్పాను, చూశాడు అన్నారా?"

"ఊఁ."

"చూసి ఏం చేశాడు?"

"ఏదో... చేశాడు."

ఆయన కత్తెర తీసి ఒక దారప్పోగు కత్తిరించాడు. కత్తెర పిడి ఎప్పుడో విరిగితే ఆకుపచ్చ టేపు చుట్టి ఉంది. తమ్ముడు ఇచ్చి వెళ్లిన చుట్టలోదే. ఊళ్లో మెకానిక్కులందరూ నల్ల టేపు వాడితే మరిది ఒక్కడే ఆకుపచ్చది వాడతాడు. నూనె మరకల్లో నల్లది కనపడదట.

"ఆ కత్తెర ఇలా ఇవ్వండి. వైరు కొయ్యాలి."

"గుడ్డ కత్తెర. మొద్దుబారిపోతుంది" అన్నాడాయన. ఆ వారానికి మాటలు అయిపోయాయి. టకటకటక.

*

నర్సరీ దెబ్బకి కారు ముందు తలుపుకి లాకు పడడం లేదు. అదే డ్రైవరమ్మ అదృష్టం. డ్రైవరు సీటు వెనక్కి తోసి, తల పెడల్ దగ్గరా, కాళ్లు బయటా పెట్టి వెల్లకిలా పడుకుంది. టార్చి పళ్ల మధ్య. చేతిలో స్నానాలగదిలోంచి తెచ్చిన చిన్న అద్దం. వీధిలోంచి చూసేవాళ్లకి కారు ఒక మనిషిని నడుందాకా మింగి, ఆకలి చాలక ఆగినట్టుంది.

అద్దంలో ముందు తన ముక్కే కనిపించింది. తర్వాత పెడల్ కాడ. ఆ పైన అగ్గిపెట్టెలో సగం ఉండే నల్లటి స్విచ్. అంతవరకూ షాపాయన చెప్పినట్టే ఉంది.

స్విచ్ నుంచి వచ్చే రెండు వైర్లు మధ్యలో ఒకచోట కలిసిపోయి ఉన్నాయి. కలిసిన చోట ఆకుపచ్చ టేపు.

డ్రైవరమ్మ నవ్వింది. టార్చి జారి గడ్డం మీద పడింది. అయినా నవ్వింది. ఆ నవ్వుకి కారు కింద పడుకున్న కుక్క లేచి, ఇల్లు మారుద్దామన్నట్టు పక్కవీధికి వెళ్లిపోయింది.

ఇక అర్థం కానిదేముంది? స్విచ్ పాడై క్రూజు మాటిమాటికీ పడిపోతుంటే, మార్చాల్సింది పోయి రెండు వైర్లూ కలిపేశారు. దాంతో స్విచ్ నోరు నొక్కేసినట్టయింది. ఇక క్రూజు పడిపోదు. బ్రేకు మీద మనిషి లేచి నిలబడినా పడిపోదు.

"దొరికావురా మెకానిక్కూ" అంది డ్రైవరమ్మ.

కొత్త స్విచ్ డబ్బా పొట్టమీదే ఉంది. కానీ చెయ్యి దాని మీదికి పోలేదు.

అయిదింటికి వాడొస్తాడు. ఈ కారే ఎక్కుతాడు. షెడ్డుకి హైవే మీదే పోవాలి. క్రూజు పెట్టకుండా వాడు హైవే ఎక్కడు, అంత బద్ధకం. నర్సరీలో కుండీలు ఇంకా చాలానే మిగిలాయి...

ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే చక్కెర అవసరమే లేదనిపించింది. కాసేపు అలాగే పడుకుని, వాడు ఏ కుండీలో తలకిందులుగా తేలాలో కూడా నిర్ణయించుకుంది.

తర్వాత నాలుక కరుచుకుంది. వాడు దవడ పగిలి ఆస్పత్రిలో పడుంటే "తప్పు నాదే" అని ఎవడనాలి? కాదు. వాడి దవడ క్షేమంగా ఉండాలి. ఆ మాట చక్కగా, వీధి చివరికి వినపడేలా రావాలి.

టేపు ముట్టుకోలేదు. డబ్బా విప్పలేదు. లేచి, జుట్టుకంటిన దుమ్ము దులుపుకుని, గేటు దగ్గరికెళ్లి పిలిచింది. ఎదురింటి పోస్టుమాన్నీ, పక్కింటి టీచర్నీ, ఆవిడ మొగుణ్ణీ, దారినపోతున్న బేకరీ ఆయన్నీ.

"అయిదింటికి మా ఇంటికి రండి. చూడాల్సింది ఒకటుంది."

*

మరిది అయిదుకి అయిదు నిమిషాల ముందే వచ్చాడు. గేటు దగ్గర జనాన్ని చూసి ఆగాడు.

"ఏంటొదినా, సంతా?"

"సంతే. నీ మాట కొనుక్కోవడానికొచ్చారు. రా బాబూ."

కిటికీలోంచి అత్తగారి గొంతు: "చిన్నోడా! ముందు నన్ను ఇటు జరపరా, కనపడ్డం లేదు!" వాడు లోపలికెళ్లి మంచం కిటికీ దగ్గరికి లాగి వచ్చాడు. పక్కగదిలో టకటక నడుస్తూనే ఉంది.

"ఈ కారులో బ్రేకు వైర్లు ఎవరు కలిపారు?" డ్రైవరమ్మ అడిగింది.

"ఏ వైర్లు?"

"అబ్బో. ఏ వైర్లో తెలీదు పాపం."

"వదినా, ఈ కారు నేను ముట్టుకుని ఆర్నెల్లయింది."

"నెల కిందట మీ అన్నయ్య నీకు చెప్పలేదూ? క్రూజు పడిపోతోంది, చూడమని?"

"అన్నయ్యా? నాకా?"

టకటక ఆగింది.

మరిది పక్కగది కిటికీ వైపు చూశాడు. కర్టెన్ కదల్లేదు. మళ్లీ ఇటు తిరిగాడు. ఈసారి గొంతు తగ్గింది.

"ఏమో. చెప్పాడేమో. గుర్తులేదు."

"ఆర్నెల్లన్నావు. ఇప్పుడు గుర్తులేదంటున్నావు. ఇంకో నిమిషం ఆగితే అసలు కారంటే ఏంటంటావు" అంది డ్రైవరమ్మ జనం వైపు తిరిగి. "ఊళ్లో ఆకుపచ్చ టేపు వాడేదెవరండీ?"

"ఇతనే" అన్నాడు బేకరీ ఆయన. "మా వ్యానుకీ అదే చుట్టాడు."

"వాడి జోలికెళ్తే ఊరుకోను!" కిటికీలోంచి అత్తగారు. "నాలుగొందల కుండీలు బద్దలుకొట్టింది చాలక..."

"నలభై అత్తయ్యా!"

"నువ్వు లెక్కపెట్టావా? నేను గాల్లో ఎగురుతూ లెక్కపెట్టానే!"

మరిది చొక్కా చేతులు మడిచాడు. మొహం ఎర్రబడింది. "టేపు నాది కావచ్చు. పని నాది కాదు. వైర్లు కలిపి వదిలేసే చెత్తపని నా చేత్తో జరగదు. జరిగిందని చూపించు, ఈ వీధిలో గుంజీలు తీస్తా."

"గుంజీలొద్దు. మాట చాలు. విప్పు."

వాడు కారులోకి దూరాడు. కాళ్లు బయట, తల పెడల్ దగ్గర. గేటు దగ్గర అందరూ మెడలు చాచారు. టేపు ఊడొచ్చే చప్పుడు చిర్రుమంది.

తర్వాత ఏ చప్పుడూ లేదు.



"ఏం, నాలుక పడిపోయిందా?" డ్రైవరమ్మ పక్క తలుపులోంచి వంగి తనూ తల దూర్చింది. స్టీరింగు కింద రెండు తలలూ ఒకే అద్దంలోకి చూశాయి.

టేపు కింద వైర్లు మెలిపెట్టి ఉన్నాయి. ఆ మెలిక చుట్టూ దారం. నీలం దారం. చుట్టు మీద చుట్టు, సందు లేకుండా, బిగువుగా, గుండీ మెడ కట్టినంత శ్రద్ధగా. ముడి ఎక్కడా కనపడలేదు. చుట్లలోకే దాగిపోయింది.

డ్రైవరమ్మ చెయ్యి తెలీకుండానే, మొగుడు కుట్టిన తన చొక్కా రెండో గుండీ మీదికి వెళ్లింది. అక్కడ వేలికి తగిలిందీ, కంటికి కనపడుతున్నదీ ఒకటే.

చెప్పాను, చూశాడు. ఏదో చేశాడు.

"వదినా..." మరిది గొంతు గుసగుస. "ఇది..."

"నోర్మూసుకో."

"చెప్పలేక... తనే ఏదో బాగుచేద్దామని..."

"మూసుకోమన్నానా?"

వాడు మూసుకున్నాడు. చేతిలో ఆకుపచ్చ టేపు వేళ్లకి అంటుకుపోయి ఉంది. నాన్న పోయాక వీణ్ణి పెంచింది అన్నే. ఒంటి మీద వేసుకున్న ప్రతి చొక్కా అన్న కుట్టిందే. ఇప్పుడు వేసుకున్నది కూడా.

"ఏం దొరికిందే?" కిటికీలోంచి అత్తగారు. "ఎవరి పని అది?"

డ్రైవరమ్మ నోరు తెరిచింది. పది రోజులు చేదు తాగి దాచుకున్న మాటలన్నీ ఒకరి కోసం కుట్టించిన చొక్కాల్లా ఉన్నాయి. ఇంకొకరికి పట్టడం లేదు.

మరిది ఊడదీసిన టేపుని మళ్లీ గబగబా చుట్టేశాడు. కారులోంచి బయటికి వచ్చి, నిటారుగా నిలబడి, గేటు దగ్గర జనం వైపు చూసి అన్నాడు:

"నాదే. తప్పు నాదే. వైర్లు నేనే కలిపాను. మర్చిపోయాను. వదిన కాలు బ్రేకు మీదే ఉంది."

చక్కగా అన్నాడు. వీధి చివరికి వినపడింది.

పోస్టుమాను పెదవి చప్పరించాడు. టీచరు "చూశారా, నేననుకున్నా" అంది. బేకరీ ఆయన తన వ్యాను వైపు అనుమానంగా చూసుకుంటూ వెళ్లిపోయాడు.

పక్కగదిలో మిషను మొదలైంది. టక. టక. తర్వాత టకటకటక.

డ్రైవరమ్మ ఆ చప్పుడు విన్నది. మరిదీ విన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

లోపల అత్తగారు చెంచా కాడ పెట్టి కట్టు సందులోంచి తాళంచెవిని లాగి, కిటికీలోంచి విసిరింది. అది వచ్చి డ్రైవరమ్మ కాళ్ల దగ్గర పడింది.

"తీసుకో. గెలిచావుగా. వెళ్లి టీలో చక్కెర వేసుకుని చావు." కట్టు కాలు దిండ్ల మీద సర్దుకుంది. "నలభై కుండీలే."

తాళంచెవి ఇంకా వెచ్చగానే ఉంది.

"వదినా, అయిదు నిమిషాలు" అన్నాడు మరిది. "ఆ దారం కోసేసి కొత్త స్విచ్ పెట్టేస్తా. డబ్బా ఇటివ్వు."

"అక్కర్లేదు."

"అక్కర్లేదంటే?"

డ్రైవరమ్మ డబ్బాని పిడికిట్లో బిగించి ఇంట్లోకి నడిచింది. వంటగది దాటింది. చక్కెర డబ్బా వైపు చూడలేదు. మిషను గది గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ."

టకటక.

"కారు బాగైంది. మీ తమ్ముడు బాగుచేసి, తప్పు కూడా ఒప్పుకున్నాడు. విన్నారుగా?"

టకటక నెమ్మదించింది.

"లేవండి. చెప్పులేసుకోండి. మనిద్దరం హైవే మీద అలా వెళ్లొద్దాం. మీరే నడపండి. ఎప్పుడూ బజారు దాటింది లేదుగా. క్రూజు పెట్టుకుని హాయిగా పోదాం. ఇప్పుడది అస్సలు పడిపోదట."

మిషను ఆగింది.

ఆయన తల ఎత్తాడు. చూపు ముందు ఆవిడ మొహం మీదికి వెళ్లింది. అక్కడ్నించి పిడికిట్లో ఉన్న డబ్బా మీదికి దిగింది. డబ్బా సీలు ఊడలేదు.

వెనకాల నడవాలో మరిది పరిగెత్తుకొస్తున్న అడుగులు వినపడుతున్నాయి. "వదినా! అన్నయ్యా, ఆగు!"

ఆయన చేతిలోని నీలం చొక్కాని మడతపెట్టి పక్కన పెట్టాడు. సూదిని దిండులో గుచ్చాడు. ఆకుపచ్చ పిడి కత్తెరని దాని చోట్లో పెట్టాడు. లేచి, మెడ దగ్గర గుండీ పెట్టుకుని, చెయ్యి చాచాడు.

"తాళంచెవి ఇవ్వు" అన్నాడు.